మొదటి పాత కారు: పెయింట్ తర్వాత, ముందు ఇంజన్

నల్లగొండలో మా మెకానిక్ షెడ్డుకు వచ్చే కుర్రాళ్లలో సగం మందికి లైసెన్సు కార్డు ఇంకా చేతికి రాదు, ఎల్ బోర్డే ఉంటుంది. అడిగేది మాత్రం ఒకటే: "అన్నా, స్విఫ్ట్ డీజిల్ బేరానికి ఉంది, తీసుకోవాల్నా?"

నెలకు ఎంత తిప్పుతావు తమ్ముడూ? కాలేజీకీ, ఊరికీ, ఎప్పుడైనా నాగార్జునసాగర్‌కూ అయితే డీజిల్ జోలికి పోకు. డీజిల్ చిమ్మే ఇంజెక్టరో, గాలి నెట్టే టర్బోనో పోయిందంటే మైలేజీలో మిగిలిన డబ్బంతా ఒక్క బిల్లుకే సరి. కొత్త కాలుష్య నిబంధనల బీఎస్6 డీజిల్‌లోనైతే పొగ మసిని పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. రోజూ దగ్గర దగ్గర తిరిగితే అది మూసుకుపోతుంది.

నేర్చుకునేవాడికి చిన్న పెట్రోల్ ఇంజనే మేలు. వ్యాగన్ఆర్ 1.0, ఆల్టో కె10 బండ్లలో ఉండేది 998 సీసీ, మూడు సిలిండర్లు, ఇంజన్ లోపలి భాగాలను ఒకే లయలో తిప్పే టైమింగ్ చైన్. ఏ మెకానిక్‌కైనా చేతికి అలవాటైన ఇంజన్. ఆల్టో 800లోనూ పాత ఐ10 1.1లోనూ ఆ చైన్ బదులు ఉండేది రబ్బరు బెల్టు. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమను. చూపించకపోతే ఆ ఖర్చు ధరలో కోసెయ్. కుదిరితే 2019 జూలై తర్వాత తయారైన బండి చూడు, అప్పటికి గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. కొత్త చేతికి అవి సన్‌రూఫ్ కన్నా ముఖ్యం.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లు. స్టార్ట్ చేసి పెట్టొద్దని ముందే చెప్పు. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. చల్లటి ఇంజన్ మాత్రమే నిజం చెబుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని లెక్క. తెల్ల పొగ చలికాలం పొద్దున కాసేపు వచ్చి పోవడం మామూలే, ఇంజన్ వేడెక్కినా ఆగకపోతే లోపలికి నీళ్లు పోతున్నట్టు. ఆయిల్ మూత విప్పి అడుగు భాగం చూడు. పాలెక్కువైన చాయ్ రంగులో జిగురు కనిపిస్తే ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు, అదే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకో.

మన దగ్గర అసలు చూడాల్సింది ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్. ఇక్కడి బోరు నీళ్లు ఎలాంటివో చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్‌తో దేశమంతా తెలిసిన జిల్లా మనది. అందులో పోయాల్సిన కూలెంట్ ద్రవం డబ్బుకు కక్కుర్తిపడి ఆ ఉప్పు నీళ్లే పోస్తారు. లోపల గార కట్టి నీళ్ల దారి సన్నబడుతుంది. మే నెల ఎండలో ఏసీ వేసుకుని విజయవాడ హైవే ఎక్కితే ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది, తర్వాత హెడ్ లేస్తుంది. అందుకే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూడు. కూలెంట్ ఆకుపచ్చగానో ఎర్రగానో నీలంగానో ఉండాలి. తుప్పు రంగు నీళ్లుంటే, అంచుల చుట్టూ తెల్లటి పొర ఉంటే, బేరం కూడా ఆడకు. బాగుందనిపిస్తే ఒక రౌండ్ తిప్పి, ఏసీ వేసి నిలబెట్టు. ఫ్యాన్ తిరగాలి, ముల్లు కదలకూడదు.

మీటర్ రీడింగ్‌ను నమ్మకు. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి మీటర్ ముప్పై వేలంటే నవ్వి ఊరుకో. సీటు బెల్టు చివరిదాకా లాగి చూడు, బురద మరక ఉంటే వరదలో మునిగిన బండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం.

ఇక కాగితాలు. ఆర్‌సీలో పసుపు ప్లేట్ నుంచి మారినట్టుంటే అది ట్యాక్సీగా తిరిగిన బండి. ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందని ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఆ ఫైనాన్స్ పేరు తీసేయించే ఫారం 35 రావాలి. బండి పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, చలాన్లు, ఇన్సూరెన్స్ అన్నీ చూశాకే బయానా ఇయ్యి. ఢిల్లీ బండి చవగ్గా వస్తుందని మురిసిపోకు, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ చవక కనిపించదు.

చేతిలో ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు మాత్రమే ఉంటే, బండి తెచ్చే రోజు లైసెన్సున్న పెద్దవాళ్లెవరినైనా పక్కన కూర్చోబెట్టుకో. ముందూ వెనకా ఎర్ర ఎల్ అంటించు. నార్కట్‌పల్లి వైపు హైవే సంగతి తర్వాత చూద్దాం.