ఆనవాళ్ళ పద్యం చదవడం ఎలా? – మూడో పాఠం: మొదటి గుర్తు

ఒక చోటును పేరు చెప్పకుండా గుర్తులతో చూపించేది ఆనవాళ్ళ పద్యం. పోయిన పాఠం చివర నేను రాసిన ఒక ఆటవెలది ఇచ్చి, అది చూపించే చోటేదో కనిపెట్టమన్నాను. ముందు దాన్ని మళ్ళీ ఒకసారి పైకి చదవండి.

ముగ్గురున్న యింట ముంగిట నల్లెద్దు
పూలు తేలు నీటి పొంటి నిలిచి
మెట్టు లెక్కి పోవ మేలు కలుగునయ్య
నాల్గు మొగములున్న నల్లరాయి

జవాబుల్లో మేడారం ఉంది, వెయ్యి స్తంభాల గుడి ఉంది, భద్రకాళి చెరువు ఉంది, పద్మాక్షి గుట్ట ఉంది. సరైన జవాబు చివరిదే, హనుమకొండలోని పద్మాక్షి గుట్ట. అయితే జవాబు తెలిసిపోయింది కదా అని పాఠం వదిలేయకండి. మిగతావాళ్ళు ఎక్కడ దారి తప్పారో చూడటమే ఇవాళ్టి పని.

మేడారం అన్నవాళ్ళ వాదన ఇది: ముగ్గురంటే సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు. నీళ్ళంటే జంపన్నవాగు. వినడానికి బాగానే ఉంది. కానీ అక్కడ గోవిందరాజు గద్దె కూడా ఉంది కదా, లెక్కపెడితే నలుగురవుతారు. మరి నల్లెద్దు సంగతేంటి అంటే, జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని పోతారు కదా అన్నారు. పూలేవి అంటే, అమ్మవార్లకు బెల్లంతో పాటు పూలు కూడా పెడతారు అన్నారు. ఇట్లా ఒక్కో మాటనూ కొంచెం కొంచెం వంచుకుంటూ పోతే ఏ పద్యాన్నైనా ఏ ఊరికైనా అతికించొచ్చు. ఒక గుర్తుకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చిందంటే అనుమానించండి. రెండో గుర్తుకూ చెప్పుకోవాల్సి వస్తే ఆ చోటును వదిలేయండి.

ఈ జబ్బు మన దగ్గరే కాదు. అమెరికాలో ఫారెస్ట్ ఫెన్ అని ఒకాయన ఉండేవాడు. ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్‌గా పనిచేసి, తర్వాత న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో కళాఖండాల వ్యాపారం చేశాడు. బంగారం, రత్నాలు నింపిన చిన్న కంచు పెట్టెను రాకీ పర్వతాల్లో ఎక్కడో దాచి, 2010లో తన జ్ఞాపకాల పుస్తకంలో 24 పాదాల పద్యం ఒకటి అచ్చువేశాడు. అందులో తొమ్మిది ఆనవాళ్ళున్నాయని, అవి వరసలోనే ఉన్నాయని ఆయనే చెప్పాడు. వేలమంది ఆ పద్యం పట్టుకుని కొండలెక్కారు. ఆ వెతుకులాటలో అయిదుగురు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు.

ఆ పద్యంలో మొదటి ఆనవాలు వెచ్చని నీళ్ళు ఎక్కడ ఆగుతాయో అక్కడ మొదలుపెట్టమంటుంది. ఆ ఒక్క మాటకు జనం చెప్పిన అర్థాలు అన్నీ ఇన్నీ కావు. వేడినీటి బుగ్గ చల్లటి ఏటిలో కలిసే చోటు అన్నారు కొందరు. ఆనకట్ట అన్నారు ఇంకొందరు. చేపలు పట్టే నిబంధనల్లో వెచ్చటి నీళ్ళు, చల్లటి నీళ్ళు అని విడదీసే సరిహద్దు ఉంటుంది, అదే అని మరికొందరు. ఎవరికి వాళ్ళు ఒకటి ఖాయం చేసుకుని, అక్కడి నుంచి మిగతా ఎనిమిదింటినీ చకచకా విప్పేశారు. అన్నీ ఎంత చక్కగా కుదిరాయో చూడండంటూ మ్యాపులు గీశారు. మొదటిది పక్కాగా తెలియకపోతే ఇంట్లో కూర్చుని పేకాడుకోండని ఫెన్ చెబుతూనే ఉన్నాడు. మొదటి గుర్తు తప్పాక తర్వాతివి కుదరడం, తప్పు బస్సెక్కి కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడటం లాంటిది.

ఇక మన పద్యానికి వద్దాం. మొదటి పాదంలో మనకు గట్టిగా దొరికేవి మూడు: ముగ్గురు, ఇల్లు, ముంగిట్లో నల్లటి ఎద్దు. ఎద్దు గుడి ముందు ఉందంటే నంది. మరి ముగ్గురు దేవుళ్ళు ఒకే కప్పు కింద ఉండే గుడి ఏది? కాకతీయుల కాలంలో త్రికూటాలు చాలానే కట్టారు, మూడు గర్భగుళ్ళు ఒకే మండపంలోకి తెరుచుకునేవి. కాబట్టి ఈ పాదం ఒక్కటి పట్టుకుని ఖాయంగా ఏమీ చెప్పలేం. హనుమకొండలో రుద్రదేవుడు 1163లో కట్టించిన వెయ్యి స్తంభాల గుడిలో శివుడు, విష్ణువు, సూర్యుడు ఉన్నారు. ముందు ఏకరాతి నల్లనంది ఉంది. పేరున్న గుడి, పదిమందికీ తెలిసిన నంది. కాబట్టి అనుమానితుల జాబితాలో దీన్ని మొదట రాసుకోండి. జాబితాలో మాత్రమే. ఇదే అని ఖాయం చేసుకుని ఇంకా సున్నా చుట్టకండి.

రెండో పాదంలో పూలు తేలే నీళ్ళు. పూలు నీళ్ళలో తేలేది ఎప్పుడని తెలంగాణలో ఎవరినీ అడగనక్కర్లేదు. కానీ బతుకమ్మను ప్రతి ఊళ్ళో, ప్రతి చెరువులో వేస్తారు. అందుకే కొందరు భద్రకాళి చెరువు అన్నారు, అది తప్పు ఆలోచనేమీ కాదు. ఇక్కడే మొదటి పాదాన్నీ రెండో పాదాన్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఓరుగల్లులో ఎంగిలిపూల బతుకమ్మ నాడు వెయ్యి స్తంభాల గుడి దగ్గర జనం ఎట్లా ఉంటారో మీకు తెలుసు. సద్దుల నాడు పద్మాక్షి గుట్ట కింద గుండం దగ్గర ఎట్లా ఉంటారో కూడా తెలుసు. మొదటిరోజు ఇక్కడ, చివరిరోజు అక్కడ. ఈ రెండు పాదాలూ కలిసి ఒక దారి చెబుతున్నాయి. విడివిడిగా పదిచోట్లకు సరిపోయే రెండు గుర్తులు కలిపి చదివితే ఒక్క దారిలోకి వచ్చాయంటే, అప్పుడు మొదటిదానికి సున్నా చుట్టొచ్చు. వెయ్యి స్తంభాల గుడి నుంచి గుట్ట దగ్గరికి నడిచి పోవచ్చు, అదీ లెక్కలోకి తీసుకోండి.

నాలుగో పాదం తాళం లాంటిది. పద్మాక్షి గుట్ట మీద గుడి ముందు నాలుగు పలకల నల్లరాతి స్తంభం ఉంది. దాని మీద కాకతి రెండో ప్రోలరాజు కాలపు శాసనం ఉంది, 1117 నాటిది. మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది అనే జైన గుడి కట్టించిన సంగతి అందులో ఉంది. పలకలను మొగాలు అన్నాను, అంతే. వెయ్యి స్తంభాల గుడి దగ్గరే ఆగిపోయినవాళ్ళు నల్లరాయి అంటే నందే అనుకున్నారు. ఎద్దును మొదటి పాదంలో ఒకసారి చెప్పేశాక చివర్లో మళ్ళీ దాన్నే చెప్పాల్సిన అవసరం నాకేముంది? అయినా నందికి నాలుగు మొగాలేవి?

మూడో పాదం మిగిలింది. అందులో మెట్లు ఎక్కమనడం తప్ప గుర్తేమీ లేదు. కానీ ‘మేలు కలుగునయ్య’ మీద చాలామంది తలలు పగలగొట్టుకున్నారు. మేలు అంటే పైన అని, అంటే ఉత్తరం అని, గుడిలో మొక్కుకుంటే మేలు కాబట్టి ముడుపు కట్టే చోటని, ఇట్లా ఎన్నెన్నో రాశారు. అదేమీ లేదు. ఆటవెలదిలో పాదానికి అయిదు గణాలు, అంటే అయిదు అక్షరాల గుంపులు. ప్రతి పాదానికీ నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి పడాలి, అంటే అది పాదం మొదటి అక్షరంతో పొంతన కుదరాలి. పాదం ‘మె’తో మొదలైంది, నాలుగో గణం కూడా దానికి చెల్లే అక్షరంతో మొదలు కావాలి. ‘మే’ సరిపోయింది, ‘మేలు’ వచ్చి కూర్చుంది. తర్వాత గణాలు నిండాలి కదా, ‘కలుగునయ్య’ వచ్చింది. మన శతకాల్లో ఇట్లా చోటు నింపడానికి వచ్చే పూరణలు కోకొల్లలు. పద్యం రాయడం కొంచెం తెలిసినవాళ్ళు వీటిని ఇట్టే పసిగడతారు. నిధి పద్యాలు విప్పేవాళ్ళకు ఛందస్సు రావాలని నేను పట్టుబట్టేది అందుకే.

పద్యం చేతికి రాగానే పెన్సిల్ తీసుకుని, యతి స్థానంలో పడ్డ మాటల కింద గీత గీయండి. ఒక్కో మాటనూ ప్రశ్నించండి: ఇది తీసేసి, అక్కడ యతి చెల్లే ఇంకో మాట పెడితే చోటు మారుతుందా? మారకపోతే పూరణ. మారితే గుర్తు. పై పద్యంలో ‘మేలు’ తీసి ‘మీదు’ అనో ‘మెల్ల’ అనో పెట్టినా మెట్లు మెట్లే. కానీ మొదటి పాదంలో ‘ముంగిట’ యతి స్థానంలోనే ఉంది, దాన్ని తీసేస్తే ఎద్దు ఎక్కడుందో తెలియకుండా పోతుంది. అందుకే యతిలో పడ్డదంతా ఊకే అనుకోకండి. అంత్యప్రాసతో రాసిన గేయమైతే ఇదే పరీక్ష పాదం చివరి మాటకు పెట్టాలి. వచన కవితకు ఈ పరీక్ష పనికిరాదు. కవి మీద ఛందస్సు ఒత్తిడి ఏమీ లేదు కాబట్టి అందులో ప్రతి మాటనూ అనుమానించాల్సిందే.

ఫెన్ పెట్టె 2020 జూన్‌లో వయోమింగ్‌లో దొరికింది. దొరకబుచ్చుకున్నది జాక్ స్టూఫ్ అనే మెడిసిన్ విద్యార్థి. తాను పద్యంలో ఒక్కో మాటనూ ముక్కలు చేయడం కంటే, ఫెన్ ఇంటర్వ్యూలు, మాటలు పట్టుకుని ఆ మనిషి ఎట్లాంటివాడో అర్థం చేసుకోవడానికే ఎక్కువ సమయం పెట్టానని అతను తర్వాత రాశాడు. ఇది వినడానికి మామూలు మాటే గానీ ఆచరణలో చాలా పనికొస్తుంది. పెట్టె దాచేనాటికి ఫెన్‌కు 80 ఏళ్ళు దగ్గర పడ్డాయి. ఆ వయసు మనిషి మోసుకుపోలేని చోట వెతకొద్దని ఆయనే అందరికీ చెప్పాడు. అయినా జనం ఉధృతంగా పారే ఏళ్ళలోకి దిగారు, నిటారు బండలెక్కారు. నా పద్యాల విషయంలోనూ అంతే. రాసింది హనుమకొండ మనిషి, కాలినడకన తిరిగేవాడు, శాసనాల పిచ్చి ఉన్నవాడు. మూడు జిల్లాలు దాటి పంపుతాడా, చెప్పండి.

ఇంకో చిన్న సంగతి, రాసిన ఏడు. పద్యం రాసినప్పుడున్న గుర్తు ఇవాళ ఉండాలని లేదు. బైరన్ ప్రైస్ అనే ప్రచురణకర్త ఉత్తర అమెరికాలో 12 చిన్న పెట్టెలు పాతిపెట్టి, 1982లో 12 బొమ్మలు, 12 పద్యాలు అచ్చువేశాడు. ఇప్పటిదాకా బయటపడ్డవి మూడే: 1983లో షికాగోలో, 2004లో క్లీవ్‌లాండ్‌లో, 2019లో బోస్టన్‌లో. ఈలోపు పార్కులు మారాయి, రోడ్లు మారాయి. మన వెయ్యి స్తంభాల గుడి కల్యాణ మండపమే చూడండి. 2006లో విప్పారు, మళ్ళీ తెరుచుకున్నది 2024 మార్చిలో. మధ్యలో ఎవరైనా ఆ మండపాన్ని గుర్తుగా పెట్టి పద్యం రాస్తే, విప్పేవాడు రాళ్ళ కుప్పల మధ్య నిలబడి జుట్టు పీక్కోవాల్సిందే.

ఒక హెచ్చరిక కూడా. మన ఆటలో తవ్వకం లేదు, దాచిందీ లేదు. చోటు కనిపెట్టి ఫోన్‌లో ఫొటో తీయడమే. గుప్తనిధులంటూ రాత్రిపూట పూజలు చేసి పాత గుళ్ళల్లో నందుల్ని పెకిలించే ముఠాల గురించి మీరు పేపర్లో చదువుతూనే ఉంటారు. అది నేరం. అనుకోకుండా భూమిలో నిధి దొరికినా, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాసి తెలపాలని 1878 నాటి నిధుల చట్టమే చెబుతోంది.

ఇక ఈ వారం అభ్యాసం.

గుడియు లేదు గాని గుమ్మాలు నాలుగు
హంస లున్న చోట ఆగవద్దు
ఊరి పేరు మోయు ఒంటిరాతిని గని
దాని నీడ పడెడు తడిని వెదుకు

మొదటి పాదం వరంగల్‌వాళ్ళకు క్షణంలో తెలిసిపోతుంది. అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఉండకండి, పద్యం కూడా అదే చెబుతోంది. చిక్కంతా నాలుగో పాదంలో ఉంది. నీడ పొద్దున ఒక దిక్కు పడుతుంది, సాయంత్రం ఇంకో దిక్కు. ఏ పూట నీడో పద్యం చెప్పిందా? చెప్పకపోతే, రెండు పూటలా నీడ పడే దిక్కుల్లో నీళ్ళున్నది ఏ దిక్కున? ఆ తర్వాత యతి పరీక్ష పెట్టండి. నాలుగు పాదాల్లో ఒక్కచోట యతి కోసం వచ్చిన మాటే అసలు గుర్తు కూడా. అది ఏదో, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. ‘ఒంటిరాతిని గని’లో ‘గని’ అంటే బొగ్గు గని అనుకుని భూపాలపల్లి బస్సెక్కకండి.

వచ్చే పాఠంలో భూతసంఖ్యలు. వేదాలు నాలుగు, బాణాలు అయిదు అని పద్యంలో అంకెలు ఎట్లా దాస్తారో, వాటిని కుడి నుంచి ఎడమకు ఎందుకు చదవాలో చూద్దాం. ఈలోగా ఇంట్లో పెద్దబాలశిక్ష ఉంటే దుమ్ము దులిపి పక్కన పెట్టుకోండి.