మందు వేసినా కుక్కలో బద్దెపురుగు మళ్లీ కనిపిస్తుంటే

సమస్య: కుక్క మలంలోనో, తోక కింది వెంట్రుకల్లోనో బియ్యపు గింజలంతేసి తెల్లని ముక్కలు మెల్లగా కదులుతూ కనిపిస్తాయి. ప్రాజిక్వాంటెల్ మాత్ర వేస్తే పోతాయి కాని, కొన్ని వారాలకే తిరిగి వస్తాయి. అప్పుడు చాలామంది మందునే అనుమానిస్తారు. సాధారణంగా లోపం మందులో ఉండదు.

కారణం: ఆ ముక్కలు డైపిలిడియం కేనైనమ్ అనే బద్దెపురుగు ఖండితాలు, అంటే దాని శరీరం నుంచి విడిపోయిన ముక్కలు. వీటిలోని గుడ్లను కుక్క నేరుగా మింగినా పురుగు సోకదు. పక్కబట్టలలో, నేల పగుళ్లలో పెరిగే ఫ్లీ (జంతువుల ఒంటిపై గెంతుతూ తిరిగే రెక్కల్లేని చిన్న కీటకం) డింభకాలు, అంటే పిల్లపురుగులు, ముందుగా ఆ గుడ్లను తినాలి. రక్తం పీల్చే ప్రౌఢ ఫ్లీకి గుడ్డును మింగగల నోరు లేదు గనుక, సంక్రమణ మొదలయ్యేది కుక్క ఒంటిమీద కాదు, అది పడుకునే చోట. డింభకం ఫ్లీగా మారేసరికి బద్దెపురుగు పిల్లదశ కూడా దాని శరీరంలో సిద్ధమవుతుంది. దురదకు ఒళ్లు కొరుక్కుంటూ కుక్క ఆ ఫ్లీని మింగిన 2–3 వారాలకు కొత్త ఖండితాలు బయటపడతాయి. పేగులో ఉన్న పురుగును మాత్ర చంపుతుంది, మర్నాడు మింగబోయే ఫ్లీని ఆపలేదు.

పరిష్కారం: మాత్ర వేసిన రోజే ఇంట్లోని కుక్కలన్నిటికీ, పిల్లులన్నిటికీ పశువైద్యుడు సూచించిన ఫ్లీ మందు వాడాలి. కుక్కల కోసం తయారైన పెర్మెత్రిన్ మందు పిల్లులకు ప్రాణాంతకం కాగలదు. పక్కబట్టలను వారం వారం వేడినీటితో ఉతకాలి, నేలను వాక్యూమ్ చేయాలి. గూటిలో దాగి ఫ్లీలుగా మారబోయే ప్యూపాలను పురుగుమందులు దాదాపు ఏమీ చేయలేవు. వాటినుంచి కొత్త ఫ్లీలు వస్తూనే ఉంటాయి కాబట్టి ఈ చికిత్సను కనీసం 3 నెలలు ఆపకూడదు. నెల తిరగకుండానే మానేయడమే నా దృష్టిలో అసలు వైఫల్యం.

ఫ్లీలు కనిపించడం లేదంటే: సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లని పొడిని తడి తెల్లకాగితంపై వేయండి. ఎర్రటి మరక పడితే అది ఫ్లీల మలం, అంటే జీర్ణమైన రక్తం.

మల పరీక్షలో ఏమీ తేలకపోతే: గుడ్లు ఖండితంలోనే ఉండిపోవడం వల్ల పరీక్షకు చిక్కకపోవచ్చు. దొరికిన ముక్కనే చిన్న డబ్బాలో వేసి వైద్యుడికి చూపించడం మేలు.

ఫ్లీలు పూర్తిగా పోయినా ముక్కలు వస్తుంటే: టీనియా జాతి పురుగు కావచ్చు. దాని మాధ్యమిక అతిథేయి (పురుగు పిల్లదశ పెరిగే జీవి) కీటకం కాదు, ఎలుక, కుందేలు వంటి జంతువు. అందుచేత వేటను, పచ్చిమాంసాన్ని మాన్పించాలి.