ఎంటర్‌ప్రైజ్‌కి లైట్లు పెట్టాలంటే

పాత స్టార్ ట్రెక్ సీరియల్‌లోని అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ 1/350 స్కేల్ (అసలులో 350వ వంతు) ప్లాస్టిక్ మోడల్ కిట్ కడితే దాదాపు 32 అంగుళాల పొడవొస్తుంది, అందుకే జిగురు ముట్టుకోకముందే వైర్లు ఏ దారిన వెళ్లాలో చూసుకోండి, ముఖ్యంగా పళ్లెంలా ఉండే ముందుభాగం కింది ఆ సన్నని మెడలో. ప్లాస్టిక్ లోపలివైపు ముందు నలుపు, అది ఆరాక పైన తెలుపు వేయండి; నలుపు లేకపోతే ఓడంతా లాంతరులా వెలుగుతుంది. 12 వోల్టుల అడాప్టర్‌కి ఒక్కో తెల్ల ఎల్‌ఈడీతో 470 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును తగ్గించే చిన్న భాగం) సరిపోతుంది. కిటికీలకు మాత్రం సూపర్‌గ్లూ వద్దు, దాని ఆవిరికి తెల్లటి పొర పట్టేస్తుంది, నాకు ఆరు కిటికీలు అలాగే పాడయ్యాయి. ఫెవికాల్ చాలు. మూసేముందు గది చీకటి చేసి అతుకుల వెంట చూడండి, వెంట్రుకంత గీత వెలిగినా అక్కడ మళ్లీ నలుపు వేయాల్సిందే.