స్ప్లిట్ నగరాన్ని కిందినుంచి చూడడం మొదలుపెట్టండి

క్రొయేషియాలోని స్ప్లిట్ నగరానికి వెళ్లేవారు రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ రాజభవనంలో ముందుగా నేలమాళిగలను చూడడం మంచిది. క్రీ.శ. 305 ప్రాంతంలో పూర్తయిన ఆ భవనపు పై అంతస్తులోని చక్రవర్తి గదులు చాలావరకు నశించినా, వాటిని మోయడానికి కట్టిన కింది గదులు అదే నమూనాలో ఉన్నందున, పైన ఏ గది ఎక్కడ ఉండేదో వాటిని చూసి ఊహించుకోవచ్చు. అవి ఇంత చక్కగా నిలవడానికి కారణం వింతైనది: పైన ఇళ్లు కట్టుకున్నవారు నేలకు రంధ్రాలు చేసి, శతాబ్దాలపాటు చెత్తను, మురుగును కిందికి వదలడంతో గదులు పూడిపోయాయి. మనం ముక్కు మూసుకోవలసిన ఆ పనే వాటిని కాపాడింది.

ఏడో శతాబ్దంలో సమీపంలోని సలోనా నగరం పతనమైనప్పుడు అక్కడివారు ఈ గోడల మధ్య తలదాచుకున్నారు. నేటికీ ఇక్కడ జనం కాపురముంటున్నారు, కిటికీల మధ్య తాళ్లపై బట్టలు ఆరుతుంటాయి. క్రైస్తవులను హింసించిన డయోక్లీషియన్ సమాధి మందిరమే తరువాత కేథడ్రల్‌గా మారింది. దాని ఎదుట ఈజిప్టు నుంచి తెచ్చిన, మనిషి తల, సింహం శరీరం గల నల్లరాతి స్ఫింక్స్‌ను చాలామంది గమనించకుండానే దాటిపోతారు.

సాయంత్రం బాచ్విత్సె తీరానికి వెళితే, చీలమండల లోతు నీటిలో చిన్న బంతి కింద పడకుండా అరచేతులతో తట్టుతూ, అవసరమైతే గాలిలోకి దూకి నీళ్లలో బోర్లాపడే స్థానికులు కనిపిస్తారు. ‘పిత్సిగిన్’ అనే ఈ ఆట ఈ నగరంలోనే పుట్టింది.