మీడియా, సమాజం అంశంగా ఎం.ఏ. చేయదలిచినవారికి

మీడియాకూ సమాజానికీ ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేసే ఎం.ఏ.లో చేరదలిచిన విద్యార్థులు సాధారణంగా ముందుగా అడిగేది ఏ యూనివర్సిటీ మంచిదని. దానికి జవాబు చెప్పే ముందు నేను వారిని ఒక మాట అడుగుతాను: మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి? సమాజశాస్త్రం, రాజనీతిశాస్త్రం, చరిత్ర, అర్థశాస్త్రం, భాషాశాస్త్రం అన్నీ కలిసే చదువు ఇది. సొంత ప్రశ్న లేకుండా చేరినవారికి రెండేళ్లూ ఒక్కో శాస్త్రం నుంచి ఒక్కో ముక్క విన్నట్టుగానే గడిచిపోతాయి. ప్రశ్నతో చేరినవారు అదే తరగతిలో కూర్చుని ప్రతి శాస్త్రాన్నీ తమ పనికి వాడుకుంటారు.

ఇక్కడ ఒక ప్రశ్న ఎన్ని దిక్కులకు విస్తరిస్తుందో తెలియడానికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో వయోజన అక్షరాస్యత ఉద్యమం సాగుతున్నప్పుడు రాత్రి బడి వాచకంలో సారా వల్ల చితికిపోయిన కుటుంబాల ప్రస్తావన వచ్చింది. ఆ పాఠాలు చదివి, చర్చించుకున్న మహిళలు దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించారు. ఆ వార్త ఊరూరా పాకింది, తెలుగు పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, ఉద్యమానికి విస్తృతంగా చోటిచ్చాయి. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఈ ఒక్క ఘటనను అర్థశాస్త్ర విద్యార్థి సారా వేలంపాటల మీద ప్రభుత్వ ఖజానా ఎంత ఆధారపడిందన్న కోణంలో చూస్తాడు, సమాజశాస్త్ర విద్యార్థి కూలి డబ్బు ఇంటికి చేరకపోవడాన్నీ, ఉద్యమంలో ఏ కులాల మహిళలు ముందు నిలిచారన్నదాన్నీ చూస్తుంది. మీడియా చదివేవారు పత్రిక ఉద్యమాన్ని పెంచిందా, ఉద్యమమే పత్రికకు కొత్త పాఠకులను ఇచ్చిందా అని అడుగుతారు. వాచకంలోని భాష ఎవరి నోటి భాష అన్నది నాలుగో ప్రశ్న. ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి ఆలోచించడమే ఈ డిగ్రీ నేర్పే విద్య.

మీ సొంత ప్రశ్న దొరకాలంటే దరఖాస్తుకు ఆరు నెలల ముందే ఒక చిన్న పని చేయండి. ఏదైనా ఒక దినపత్రిక జిల్లా ఎడిషన్‌ను వరుసగా ఏడు రోజులు తీసుకుని, వ్యవసాయం గురించిన ప్రతి వార్తకూ నోటుపుస్తకంలో ఒక వరుస కేటాయించండి. తేదీ, పేజీ, శీర్షిక, వార్త ఎన్ని సెంటీమీటర్ల పొడవుంది, అందులో ఎవరి మాటలు ఉన్నాయి, ఎవరిని పేరుతో రాశారు, ఎవరిని ఊరికే ‘ఓ మహిళా రైతు’ అని వదిలేశారు అన్న గళ్లు గీసుకోండి. స్కేలుతో కొలవడం చిన్నపిల్లల పనిలా అనిపించినా, మొహమాటపడకండి. వారం తిరిగేసరికి ఆ పట్టిక మిమ్మల్నే ప్రశ్నలు అడగడం మొదలుపెడుతుంది. కౌలురైతు పేరు ఎక్కడా ఎందుకు లేదు? అధికారి ప్రకటన మాత్రమే ఉన్న వార్తలు ఎన్ని? ఆ తర్వాత మీ మండల విలేకరితో ఒక గంట కూర్చుని, ఒక వార్త పంపడం నుంచి అచ్చయ్యే వరకు ఏమవుతుందో అడిగి తెలుసుకోండి. ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా విలేకరి మీదే ఉందా అన్నది తప్పకుండా అడగండి. పట్టికలో కనిపించిన ఖాళీలకు కారణాలు చాలావరకు ఆ సంభాషణలో బయటపడతాయి.

అర్హత విషయంలో బెంగ అక్కర్లేదు. చాలాచోట్ల ఏ డిగ్రీ చేసినవారైనా చేరవచ్చు. బీటెక్ చేసినవారికి అంకెలతో, అల్గారిథమ్‌లతో పరిచయం ఉంటుంది, తెలుగు సాహిత్యం చదివినవారికి పాఠాన్ని దగ్గరగా చదివే అలవాటు ఉంటుంది. రెండూ పనికొచ్చేవే.

ఇక విద్యాసంస్థల సంగతి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కమ్యూనికేషన్ విభాగం సరోజినీ నాయుడు స్కూల్‌లో భాగంగా ఉంది. కమ్యూనిటీ మీడియాపై యునెస్కో పీఠం 2011లో అక్కడ ఏర్పడింది. జనం తమ మీడియాను తామే నడుపుకోవడం గురించి చదవదలిచినవారికి అంతకంటే అనువైన చోటు మన ప్రాంతంలో నాకు కనిపించదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పడం, స్వచ్ఛంద సంస్థలు కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకోవచ్చని కేంద్రం 2006లో విధానం తేవడం, జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 2008లో ఎఫ్‌ఎం ప్రసారాలు మొదలుపెట్టడం ఒకే కథలోని మూడు ఘట్టాలు. ఆ కథ జరిగిన చోటు ఆ క్యాంపస్‌కు కొన్ని గంటల ప్రయాణ దూరంలోనే ఉంది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో మీడియా, సాంస్కృతిక అధ్యయనాల ఎం.ఏ. ఉంది. డాక్యుమెంటరీ నిర్మాణాన్నీ సిద్ధాంతాన్నీ కలిపి చదవాలనుకునేవారు దాన్ని చూడవచ్చు. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. దాని చదువు వృత్తికి దగ్గరగా ఉంటుంది. ఎక్కడికి దరఖాస్తు చేసినా సిలబస్ దించుకుని, పరిశోధన పద్ధతులకు ఎన్ని పేపర్లు ఇచ్చారో, చివరి సెమిస్టర్‌లో డిసర్టేషన్ (ఒక అంశం మీద సొంతంగా పరిశోధించి రాసే పెద్ద వ్యాసం) తప్పనిసరా ఐచ్ఛికమా చూడండి. నా దృష్టిలో భవనాల కంటే, ర్యాంకుల కంటే ఈ రెండే ముఖ్యం.

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి సీయూఈటీ పీజీ, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. సీయూఈటీలో తప్పు జవాబుకు మార్కు తగ్గుతుంది కనుక ఊహించి గుర్తులు పెట్టవద్దు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి అసలు ఇబ్బంది ఇంగ్లిషు పాఠ్యగ్రంథాల దగ్గర వస్తుంది. రోజుకు ఒక ఇంగ్లిషు వ్యాసం చదివి, దాని వాదనను మీ తెలుగులో పది వాక్యాల్లో రాయండి. తెలుగులో చెప్పలేకపోయిన చోట మీకు ఇంగ్లిషులోనూ అర్థం కాలేదని లెక్క. ఈ సాధన మూడు నెలలు చేసినవారు తరగతిలో వెనకబడరు.

విదేశాలకు వెళ్లాలనుకునేవారు బ్రిటన్‌లో ఈ కోర్సులు ఎక్కువగా ఏడాదివేనని గుర్తుంచుకోవాలి. ఫీజు, ఇంటి అద్దె ఒక్క ఏడాదికే సరిపెట్టుకోవచ్చు గానీ క్షేత్ర పరిశీలనకు సమయం చాలా తక్కువ. యూరోపియన్ యూనియన్ సాయంతో నడిచే ఎరాస్మస్ ముండుస్ వారి జర్నలిజం, మీడియా, గ్లోబలైజేషన్ కోర్సు రెండేళ్లది. మొదటి ఏడాది డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో, రెండో ఏడాది మరో దేశపు భాగస్వామ్య విశ్వవిద్యాలయంలో చదవాలి. షెడ్యూల్డ్ కులాలవారికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకున్నవారు ఒక విషయం ముందే తెలుసుకోవాలి. భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం గురించిన అంశాలను 2022 మార్గదర్శకాలు ఆ పథకం నుంచి మినహాయించాయి. తమ సమాజం గురించి ప్రపంచ స్థాయి విశ్వవిద్యాలయంలో చదవాలనుకునే విద్యార్థులకు ఇది అన్యాయమని నా అభిప్రాయం. దరఖాస్తు పెట్టే ఏడాది నోటిఫికేషన్‌ను ఒక్కో పేరా చదివాకే ఖర్చుల లెక్క వేసుకోండి.

కోర్సులో ఎందుకు చేరుతున్నారో చెప్పే ఉద్దేశ పత్రాన్ని చాలామంది ‘చిన్నప్పటి నుంచి నాకు మీడియా అంటే ఆసక్తి’ అని మొదలుపెడతారు. ఆ వాక్యం ఎవరైనా రాయగలరు. దాని బదులు ఇలా రాసి చూడండి: ‘మా జిల్లా ఎడిషన్‌లో ఏడు రోజుల వ్యవసాయ వార్తలను కొలిచినప్పుడు కౌలురైతు మాట ఒక్కసారి కూడా కనిపించలేదు. ఇది విలేకరి నిర్ణయమా, పత్రికాఫీసులో వార్తలు దిద్దే డెస్క్ నిర్ణయమా, లేక కౌలురైతుకు కాగితం మీద గుర్తింపే లేకపోవడం వల్లనా అన్నది నేను తేల్చుకోవాలనుకుంటున్నాను.’ చదివే ఆచార్యులకు ఈ విద్యార్థి ఇప్పటికే పని మొదలుపెట్టిందని తెలిసిపోతుంది. మీ పట్టికలో నిజంగా ఏం కనిపించిందో అదే రాయాలి సుమా.

చేరాక మొదటి సెమిస్టర్‌లోనే పాత పత్రికలు ఎక్కడ దొరుకుతాయో చూసుకోండి. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం ఇందుకు చాలా విలువైన చోట్లు. 1902 నాటి కృష్ణా పత్రికనో 1926 నాటి గోలకొండ పత్రికనో తిరగేస్తే, వార్తల పక్కన ఏ ప్రకటనలు ఉన్నాయో, చందాదారులతో సంపాదకుడు ఏ గొంతుతో మాట్లాడాడో కళ్లకు కడుతుంది. పరిశోధన పద్ధతుల తరగతిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానవద్దు. సర్వే, ఇంటర్వ్యూ, పాఠ విశ్లేషణ మూడింటిలో మీ ప్రశ్నకు ఏది సరిపోతుందో అక్కడే తేలుతుంది.

మూడో సెమిస్టర్ మొదట్లోనే గైడ్‌తో మాట్లాడి అంశాన్ని బాగా కుదించుకోండి. ‘తెలుగు టీవీలో మహిళలు’ అన్నది పుస్తకాలకు సరిపోయే అంశం, ‘ఒక మండలంలో పొదుపు సంఘాల మహిళలు సాయంత్రం సీరియల్ గురించి ఏం మాట్లాడుకుంటారు’ అన్నది డిసర్టేషన్‌కు సరిపోతుంది. మాట్లాడేవారి అనుమతి తీసుకోండి, ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న విలేకరుల పేర్లు మార్చి రాయండి, వాట్సాప్ గ్రూపులో చేరితే ఎందుకు చేరారో మొదటి రోజే చెప్పండి. డిసర్టేషన్ సమర్పించిన తర్వాత దాని సారాంశాన్ని నాలుగైదు పేజీల తెలుగులో రాసి, మీతో గంటలకొద్దీ మాట్లాడినవారికి స్వయంగా తీసుకెళ్లి చదివి వినిపించండి. వారు అభ్యంతరం చెప్పిన చోట్లను నోటుపుస్తకంలో రాసుకుని, పీహెచ్‌డీకో వ్యాసానికో కూర్చునేటప్పుడు ముందు ఆ పేజీ తెరవండి.