వార్డు డ్యూటీకి వెళ్లాలంటే కడుపులో దేవుతోందా? కారణం చూసి సరిచేయండి

విశాఖలోని కేజీహెచ్, విమ్స్ లాంటి పెద్దాసుపత్రుల్లో క్లినికల్ పోస్టింగ్ మొదలైన కొద్ది వారాలకే "ఈ చదువు నాకు పడదు" అనుకునే నర్సింగ్ విద్యార్థులు ఉంటారు. చాలాసార్లు అది బర్నౌట్ (పనిభారంతో మనసు పూర్తిగా అలసిపోవడం) కాదు. ఆకలో, నిద్రలేమో, చేతికి రాని లెక్కో అయ్యుంటుంది. ముందు వాటి సంగతి చూడండి.

లక్షణం: రౌండ్స్‌లో కళ్లు తిరగడం
ఖాళీ కడుపుతో వచ్చి కదలకుండా నిలబడితే రక్తం కాళ్లలోనే ఆగుతుంది. దానికి విశాఖ ఉక్కపోత తోడు. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలైనా తినండి, నీళ్లు తాగండి. నిలబడ్డచోటే మడమలు ఎత్తిదించుతుండండి. చూపు మసకేస్తే ఎవరేమనుకుంటారోనని చూడకుండా కూర్చోండి. పడిపోతే వార్డులో ఇంకో పేషంటు పెరుగుతారు, అంతే.

లక్షణం: సెలైన్, ఇన్సులిన్ అనగానే చేతులు వణకడం
ఎక్కువగా ఇది లెక్క మీద నమ్మకం లేక వచ్చే వణుకు. 500 మి.లీ. 8 గంటల్లో పోవాలి, సెలైన్ సెట్ 20 చుక్కలకు 1 మి.లీ. అయితే: 500×20÷480 (8 గంటలంటే 480 నిమిషాలు), అంటే నిమిషానికి సుమారు 21 చుక్కలు. మైక్రో సెట్‌లో 1 మి.లీ.కి 60 చుక్కలు. దాని లెక్క మామూలు సెట్‌కి పెడితే మూడింతల వేగంతో పోతుంది. అందుకే సెట్ కవరు చదవందే లెక్క వేయొద్దు. ఇన్సులిన్‌లోనూ అంతే: మి.లీ.కి 40 యూనిట్ల సిరంజితో మి.లీ.కి 100 యూనిట్ల వయల్ (మందు సీసా) నుంచి లాగితే డోసు రెండున్నర రెట్లవుతుంది. వయల్, సిరంజి రెండింటి మీదా అంకె కలవాలి. కలిసినా స్టాఫ్ నర్సుకు చూపించాకే ఇవ్వండి.

లక్షణం: సూది గుచ్చుకున్న సంగతి దాచి, నిద్రపట్టకపోవడం
వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోవడమే తరచూ కారణం. దాచడానికి కారణం తిట్ల భయం. సబ్బుతో, పారే నీటి కింద కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. వెంటనే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందులు అవసరమో కాదో డాక్టరు తేలుస్తారు. అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటనివ్వకూడదు. కోర్సు 28 రోజులు. హెపటైటిస్-బి టీకా డోసులు పోస్టింగ్‌కి ముందే పూర్తిచేసుకోండి.

లక్షణం: నైట్ డ్యూటీ తర్వాత నిద్ర రాకపోవడం
డ్యూటీ చివర్లో టీ మానండి, గది చీకటి చేసుకోండి, ఫోన్ దూరం పెట్టండి.

లక్షణం: తిన్నా, పడుకున్నా, సెలవు తీసుకున్నా తేరుకోకపోవడం
పాడేరు నుంచి వచ్చిన అవ్వ మీకు "పదో బెడ్" మాత్రమే అయిపోయిందా? ఏం చేసినా వృథా అనిపిస్తోందా? ఇదీ అసలు బర్నౌట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని పనికి సంబంధించిన స్థితిగా వర్గీకరించింది, జబ్బుగా కాదు. కాబట్టి పనిభారం మారకుండా బీచ్ రోడ్డు షికారు ఒక్కటే సరిపోదు. క్లినికల్ టీచర్ దగ్గరికి "అలసిపోయాను" అని కాకుండా లెక్కతో వెళ్లండి: ఈ వారం ఎన్ని నైట్‌లు, ఎన్ని కేర్ ప్లాన్‌లు బాకీ, ఏ గడువు జరపాలి. వార్డులో రోజుకు ఒక్క పేషంటునైనా పేరుపెట్టి పలకరించండి. దిగులు రోజుల తరబడి వదలకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. చావాలన్న ఆలోచన వస్తే మాత్రం టీచరు కోసం ఆగొద్దు. హాస్టల్లో పక్క మంచం స్నేహితురాలిని లేపి, ఆమెను పక్కనే కూర్చోబెట్టుకుని అప్పుడే ఫోన్ చేయండి.