పాత రోడ్ బైక్ ఫ్రేమ్: ముందు టేపు, ఆ తర్వాతే పెయింటు

గరాజ్ సేల్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో డెబ్బైలు, ఎనభైల నాటి ప్యూజో, రాలీ, ష్విన్, ఫూజీ లాంటి స్టీల్ ఫ్రేమ్ చవగ్గా కనబడితే చాలు, అమెరికాలో ఉండే మనవాళ్లకి చెయ్యి ఆగదు. ఆ సన్నటి ట్యూబులు, అవి కలిసే చోట ఉండే లగ్గుల పనితనం, సగం చెరిగిన స్టిక్కర్లు చూస్తే నిజంగానే ముద్దొస్తాయి కాబట్టి తప్పు పట్టను. కానీ ఆ తర్వాత టైర్లు, కేబుళ్లు, బేరింగులు, చైను, పౌడర్ కోటింగ్ అంటూ ఫ్రేమ్ ధరకి ఎన్నో రెట్లు పోసి, అంతా అయ్యాక ఎక్కి కూర్చుంటే హ్యాండిల్ అందక మెడ పట్టేస్తుంది. తుప్పు వదిలించొచ్చు, సొట్టని కొంతవరకు సరిచేయించొచ్చు, సైజు మాత్రం ఎవరూ మార్చలేరు. అందుకని డబ్బులు తీసేముందు టేపు తీయండి.

ముందు కొలవాల్సింది ఫ్రేమ్‌ని కాదు, మిమ్మల్ని. చెప్పులు విప్పి గోడకి వీపు ఆనించి నిలబడండి, పాదాల మధ్య జానెడు ఎడం చాలు. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి కాళ్ల మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చుంటే ఎంత ఒత్తుకుంటుందో అంత గట్టిగా పైకి నొక్కి, దాని పైఅంచు దగ్గర గోడ మీద గీత పెట్టమని ఇంట్లో ఎవరినైనా అడగండి. నేల నుంచి ఆ గీత దాకా ఉన్నదే మీ కాలి కొలత. ప్యాంటు మీద రాసుండే నంబరు ఇక్కడ పనికిరాదు, అది ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

ఆ కొలత 80 సెంటీమీటర్లు అనుకుందాం. దాన్ని 0.883తో గుణిస్తే 70.6 వస్తుంది. క్రాంక్ ఇరుసు (పెడళ్లు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారు అది. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు మూడుసార్లు గెలిచిన గ్రెగ్ లెమాండ్ పేరు మీద తిరిగే లెక్క ఇది. అదే 80ని 0.65తో గుణిస్తే 52, ఫ్రేమ్ సైజుకి అదొక మొదటి అంచనా. అంచనా మాత్రమే, రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా కొంప మునిగిపోదు.

ఇక అమ్మేవాడు చెప్పే సైజు సంగతి. "54 ఫ్రేమ్ బ్రో" అంటాడు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచాడో అతనికే తెలియదు. కొందరు ఇరుసు మధ్య నుంచి టాప్ ట్యూబ్ (సీటు నుంచి హ్యాండిల్ వైపు పోయే పై బారు) మధ్యకి కొలుస్తారు, కొందరు సీటు ట్యూబ్ (సీటు దిగే నిలువు గొట్టం) పైఅంచు దాకా కొలుస్తారు, ఈ రెండింటికీ ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా మామూలే. ఇంగ్లిష్ ఫ్రేములైతే అంగుళాల్లో ఉంటాయి, 21 అంటే 53 సెంటీమీటర్ల పైచిలుకు, 23 అంటే 58 పైచిలుకు. పైన చెప్పిన 52 మధ్య నుంచి మధ్యకి లెక్క కాబట్టి మీరూ అలాగే కొలవండి.

కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడి చూడటం అందరూ చేసేదే. బూట్లతో నిలబడ్డప్పుడు బారుకీ మీకూ మధ్య రెండు వేళ్లన్నా సందు ఉండాలి. అది లేకపోతే ఫ్రేమ్ పెద్దదన్నట్టు, అక్కడితో వదిలేయండి. సందు ఉంటే మాత్రం సరిపోయిందని సంబరపడొద్దు, ఈ పరీక్షకి ఫెయిల్ చేయడం తెలుసు గానీ పాస్ చేయడం తెలియదు. చిన్నప్పుడు నాన్న సైకిల్ బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కిన వాళ్లం కాబట్టి ఏ సైకిలైనా సర్దుకుపోతామనే ధీమా మనకి కాస్త ఎక్కువ, కానీ గంటలకొద్దీ వంగి తొక్కే బండి దగ్గర ఆ ధీమా చెల్లదు.

అసలు చూడాల్సింది ముందుకి ఎంత చాచాలన్నది. చాలామంది టాప్ ట్యూబ్ పొడవు కొలిచి ఊరుకుంటారు, అది సగం నిజమే చెబుతుంది. ఒకే 55 సెంటీమీటర్ల టాప్ ట్యూబ్ ఉన్న రెండు ఫ్రేములు తీసుకోండి. ఒకదాని సీటు ట్యూబ్ నేలకి 72 డిగ్రీల కోణంలో కాస్త వాలి ఉంది, రెండోది 74 డిగ్రీలతో ఇంకాస్త నిటారుగా ఉంది. పెడళ్లకి మీరు కూర్చునే చోటు మారకూడదు కదా, అందుకని సీటుని రెండింట్లోనూ ఇరుసుకి సమానమైన దూరంలో పెట్టుకుంటారు, అప్పుడు రెండో ఫ్రేమ్‌లో హ్యాండిల్ దాదాపు 2 సెంటీమీటర్లు ఎక్కువ దూరం పోతుంది. కాగితం మీద రెండూ 55లే.

ఈ గోల లేకుండా కొలవడానికి ఒక పద్ధతి ఉంది. మీకు ఇప్పటికే హాయిగా ఉన్న సైకిల్ ఒకటి సమతలంగా ఉన్న నేల మీద నిలబెట్టండి. దారానికి బరువైన నట్టు కట్టి, దారం సరిగ్గా ఇరుసు మధ్య నుంచి పోయేలా పైనుంచి వేలాడదీయండి. ఆ దారం నుంచి హ్యాండిల్ బారు మధ్యకి అడ్డంగా ఎంత ఉందో కొలవండి, అలాగే నేల నుంచి హ్యాండిల్ ఎత్తు కూడా రాసుకోండి. ఇప్పుడు పాత ఫ్రేమ్ దగ్గర అదే దారం పట్టుకుని, ఇరుసు మధ్య నుంచి స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేమ్‌కి కలిపే ముక్క) దిగే రంధ్రం మధ్యకి అడ్డంగా కొలవండి. చక్రాలు లేని ఫ్రేమ్ అయితే టాప్ ట్యూబ్ మీద రసమట్టం పెట్టి సరిచూసుకోండి, ఆ కాలపు రోడ్ ఫ్రేముల్లో చాలావాటికి ఆ ట్యూబ్ నేలకి సమాంతరంగానే ఉంటుంది.

ఉదాహరణకి మీ సైకిల్‌కి 47 వచ్చింది, పాత ఫ్రేమ్‌కి 38.5 వచ్చింది. తేడా ఎనిమిదిన్నర. పాత బళ్లకి ఉండే స్టెమ్ అంకె 7 ఆకారంలో ఉంటుంది, ముందు భాగం దాదాపు అడ్డంగా పోతుంది. కానీ దాన్ని పైకి లాగేకొద్దీ వెనక్కి కూడా వస్తుంది, ఎందుకంటే అది దిగే ముందు గొట్టం, అంటే హెడ్ ట్యూబ్, వాలుగా ఉంటుంది. 5 సెంటీమీటర్లు పైకి లేపితే హ్యాండిల్ సుమారు ఒకటిన్నర వెనక్కొస్తుంది. మీ హ్యాండిల్ ఎత్తుకి అంత లేపాల్సి వస్తే ఎనిమిదిన్నరకి ఒకటిన్నర కలిపి 10 సెంటీమీటర్ల స్టెమ్ కావాలన్నమాట. అది బజార్లో తేలిగ్గా దొరికే సైజు, ఫ్రేమ్ తీసుకోవచ్చు. జవాబు 8కీ 12కీ మధ్య ఉన్నంతవరకు నాకు ఓకే. 6 వస్తే ఫ్రేమ్ పొడవు ఎక్కువ, 13 దాటితే పొట్టి, ఆ రెండు చోట్లా స్టెమ్‌తో నెట్టుకురావడం నాకైతే నచ్చదు. పాత బ్రేక్ లివర్లు తీసేసి ఇప్పటి రకం పెట్టే ఆలోచన ఉంటే చేతులు ఇంకాస్త ముందుకి పోతాయని లెక్కలో పెట్టుకోండి, వాటి రబ్బరు పట్టు పొడవుగా ఉంటుంది.

ఇంత లెక్కా వేశాక అది పనికిరాకుండా చేసేది ఇంకొకటుంది, ఇరుక్కుపోయిన స్టెమ్, సీట్ పోస్ట్ (సీటుని మోసే గొట్టం). అల్యూమినియం పోస్టు స్టీల్ ట్యూబులో ఏళ్ల తరబడి గ్రీజు లేకుండా ఉంటే రెండూ ఒకదాన్నొకటి పట్టేస్తాయి. బేరం కుదరకముందే అమ్మేవాడి ఎదురుగా సీటు బోల్టు వదులు చేసి పోస్టు తిరుగుతోందా చూడండి. స్టెమ్ బోల్టుని పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు వదులు చేసి, దాని తల మీద చెక్క పెట్టి సుత్తితో చిన్నగా కొడితే లోపలి చీల దిగాలి. రెండూ కదలకపోతే ఆ బండి ఇప్పుడున్న కొలతలోనే మీకు సరిపోవాలి, లేదంటే ఊడదీయడానికే వారాలు పోతాయి. పోస్టు కదిలితే సీటుని మీ ఎత్తుకి లేపి చూడండి, పిడికెడు పోస్టు బయట కనబడటం ఆ ఫ్రేములకి లక్షణం, పోస్టు మీద ఉండే కనీస లోతు గీత మాత్రం బయటకి రాకూడదు.

పాత ఫ్రెంచ్ ఫ్రేములతో ఇంకో తలనొప్పి. వాటి స్టెమ్ మందం 22.0 మిల్లీమీటర్లు, మిగతా దాదాపు అన్నిటిదీ 22.2. ఆ 0.2 దగ్గరే మామూలు స్టెమ్ దిగనని మొరాయిస్తుంది, ఇసక కాగితంతో అరగదీసి దించేవాళ్లూ ఉన్నారు. సైజు సరిపోవడానికి స్టెమ్ మార్చక తప్పదని తేలితే ముందే ఇది చూసుకోండి.

పొట్టిగా ఉండేవాళ్లు, ముఖ్యంగా ఐదడుగుల మూడు నాలుగంగుళాల లోపువాళ్లు, ఇంకొకటి చూడాలి. అప్పట్లో చిన్న ఫ్రేములకీ అవే పెద్ద చక్రాలు వేసేవాళ్లు, దాంతో హ్యాండిల్ తిప్పినప్పుడు బూటు ముందు చక్రానికి తగులుతుంది. పెడల్‌ని ముందుకి అడ్డంగా పెట్టి, బూటుతో పాదం ఆనించి, చక్రం అటూ ఇటూ తిప్పి చూడండి. కాస్త తగిలితే అలవాటైపోతుందని కొందరంటారు, సిగ్నల్ దగ్గర నెమ్మదిగా మలుపు తిప్పేటప్పుడు పడ్డవాళ్లు అలా అనరు. వాలు బారు ఉండే మిక్స్‌టీ ఫ్రేములు కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడే ఇబ్బందిని తీరుస్తాయి గానీ ఈ బూటు సమస్యని తీర్చవు.

పాత 27 అంగుళాల చక్రాలు తీసి, కాస్త చిన్నవైన ఇప్పటి 700సీ చక్రాలు వేస్తే కొలతలు మారతాయా అంటే, బండి 4 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, అంతే. బ్రేకు దిమ్మలు కొత్త రిమ్ము దాకా దిగుతాయా అన్నదే అక్కడ ప్రశ్న. హెడ్ ట్యూబ్ వెనక, కింది ట్యూబ్ అడుగున వేలితో తడిమి చూడటం మాత్రం మరిచిపోవద్దు, ముడత తగిలితే బండి ఎప్పుడో దేన్నో గుద్దుకున్నట్టే, సైజు ఎంత బాగున్నా వద్దు.

అన్నీ కుదిరాయనుకున్నా వెంటనే పెయింటుకి పంపకండి. పాత టైర్లు, దొరికిన హ్యాండిల్, ఎవరో పారేసిన సీటు బిగించి, బ్రేకులు మాత్రం గట్టిగా చూసుకుని, ఆ తుప్పు బండినే కొన్ని వారాలు తొక్కండి. గంట దాటాక అరచేతులు మొద్దుబారుతున్నాయా, సీటు ముందుకి జారుతున్నారా, మోచేతులు బిగుసుకుంటున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. స్టెమ్, సీటు మార్చి చూసినా అవి పోకపోతే బండిని కడిగి, ఆ అసలు రంగుతోనే మళ్లీ అమ్మకానికి పెట్టేయండి. పాత ఫ్రేముల మీద మోజున్నవాళ్లు మీరు వేయించే కొత్త పౌడర్ కోటింగ్ కంటే గీతలు పడ్డ ఒరిజినల్ పెయింటునే ఇష్టపడతారు.